మామయ్య పెట్టెలోని బొమ్మ చేపలు: పాత ల్యూర్లకు ఇంట్లో మళ్లీ రంగు వేయడం

రేకు పెట్టె మూత తీయగానే తీపి కలిసిన రబ్బరు వాసన ముక్కుకు తగిలింది. లోపల 31 ల్యూర్లు, అంటే చేపను ఆశపెట్టి గాలానికి రప్పించే కృత్రిమ ఎరలు. సగానికి సగం ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. మా మేనమామ ఓడల మీద పనిచేసిన రోజుల్లో రేవు రేవునా కొని దాచుకున్నవి. ఆయన ఎప్పుడూ వాటిని ల్యూర్లు అనలేదు, బొమ్మ చేపలు అనేవారు. చూపు తగ్గాక పెట్టె నాకు ఇస్తూ, "అల్లుడూ, నీ చేతి రంగు పడితే ఇవి మళ్లీ ఈదుతాయి" అన్నారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లకు రంగులు వేస్తాను. 22 ఏళ్లుగా అదే పని. రంగు గురించి నాకు తెలుసు. అయితే లారీకి వేసే రంగు వేరు, నీళ్లలో ఈదే వస్తువుకు వేసే రంగు వేరు. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు ఒక మంచి ల్యూరు ఖర్చయింది. మొదటగా బాగుచేసిన దానికి అలవాటు కొద్దీ మూడు పొరల ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గాజులా గట్టిపడే పూత) పోశాను. అద్దంలా మెరిసింది. బందరు కాలువలో వేసి లాగితే కర్రముక్కలా నేరుగా వచ్చింది. ఊగలేదు, తోక ఆడించలేదు. ఇంటికి తెచ్చి తూచితే 1.4 గ్రాములు బరువు పెరిగింది. ఆ తర్వాత ఏ ల్యూరు పట్టుకున్నా ముందు తూకం వేసి, చీటీ మీద రాసుకుని, అప్పుడే పని మొదలుపెడుతున్నాను. గ్రాములో వందో వంతు చూపించే చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి. ఈ పనిలో స్ప్రే గన్ కంటే అదే ముఖ్యం.

ఫిన్లాండ్ దేశపు లౌరి రపాలా 1936లో తన మొదటి ల్యూరును బెండుతో చెక్కాడు. చాక్లెట్ చుట్టిన తళతళలాడే రేకును దానికి పైపొరగా అంటించి, ఫొటో ఫిల్ములు కరిగించి నీళ్లు దిగకుండా పూత వేశాడు. పెద్ద చేప గుంపు మీద పడినప్పుడు కుంటుతూ ఈదే చిన్న చేపనే ముందు పట్టుకుంటుందని ఆయన గమనించాడు. ఆ కుంటి నడకే ఆయన ల్యూరు ప్రాణం. అదే కంపెనీ 11 సెంటీమీటర్ల తేలే రకం మొత్తం బరువు 6 గ్రాములు. దాని మీద ఒక గ్రాము పూత పడిందంటే ఆరో వంతు బరువు పెంచినట్లే. అంత బరువు మోస్తూ అది ఎలా ఊగుతుంది?

ముందు పెట్టెలోవన్నీ పాత వార్తాపత్రిక మీద పరిచి వేరు చేయండి. గాజు కళ్లున్న పాత చెక్క ల్యూర్లు ఉంటే వాటి జోలికి వెళ్లకండి. సేకరించేవాళ్లు వాటికి విలువ కట్టేది అసలు రంగును చూసే. పెచ్చులు లేచినా సరే, కొత్త రంగు పడిన రోజున ఆ విలువ పోతుంది. మామయ్య పెట్టెలో అలాంటివి రెండు ఉన్నాయి. మెత్తని గుడ్డతో తుడిచి తిరిగి పెట్టేశాను.

అంటుకుపోయిన వాటి సంగతి. మెత్తటి ప్లాస్టిక్ పురుగులు, కప్పలు గట్టి ల్యూర్లను తాకుతూ ఏళ్ల తరబడి ఉంటే వాటిలోని మెత్తబరిచే నూనె బయటికి ఊరి, గట్టి ల్యూరు రంగును కరిగిస్తుంది. రంగు బంకలా మారుతుంది. పెట్టె తీసినప్పుడు వచ్చిన వాసన దానిదే. అలా బంకైన చోట ఎంత తుడిచినా కొత్త రంగు నిలవదు, ఆ భాగాన్ని అడుగు వరకూ తీసేయాల్సిందే. ఇకమీదట మెత్తవి, గట్టివి వేర్వేరు డబ్బాల్లో ఉంచండి. ఎండలో ఆపిన కారులో మాత్రం ఏవీ వదలకండి. మన మే నెల వేడికి బోలు ప్లాస్టిక్ ల్యూరులో గాలి వ్యాకోచించి ఒళ్లు ఉబ్బుతుంది, రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది.

మూడు ముళ్ల గాలాలను, వాటిని పట్టి ఉంచే రింగులను తీసేయండి. తుప్పు పట్టినవి పారేయవచ్చు, కానీ ఏ ల్యూరుకు ఏ సైజు ముల్లు ఉండేదో రాసుకున్నాకే. ముల్లు బరువు కూడా ఊగడంలో భాగమే. తర్వాత గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు వేసి పాత పళ్లబ్రష్‌తో రుద్ది కడిగి, ఒక రోజు నీడలో ఆరనివ్వండి.

ఇప్పుడు రంగు తీయడం. ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. అంతా ఊడదీయాలని పట్టుబట్టకండి. గోటితో గీస్తే రాని రంగు చాలా మంచి పునాది. దాన్ని గరుకు చేస్తే చాలు. లేచిన పెచ్చులు, బంకైన చోట్లు, పగుళ్లు మాత్రమే అడుగు దాకా పోవాలి.

పాత ల్యూర్ల రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందువి, విదేశాల నుంచి వచ్చినవి ఎలాంటివో చెప్పలేం కాబట్టి సీసం ఉందనే అనుకుని పనిచేయండి. పొడిగా రుద్దకండి, దుమ్ము లేవకూడదు. ముక్కుకు మాస్కు ఉండాలి. కింద పరిచిన కాగితాన్ని పనయ్యాక దుమ్ముతో సహా మడిచి కట్టి పారేయండి. వంటింట్లో ఈ పని వద్దు. చిన్నపిల్లలు దగ్గర ఉండకూడదు.

చెంచా గిన్నెలా ఉండే లోహపు రేకు ల్యూర్లు, అంటే స్పూన్‌లతో ఇబ్బంది లేదు. ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) రంగులను పలుచన చేసే థిన్నర్‌లో ఒక రాత్రి మూత పెట్టి ఉంచితే చాలా రంగులు పొరలుగా వస్తాయి. ఇత్తడి, రాగి స్పూన్‌లు కిందనుంచి నల్లగా బయటపడతాయి. వాటికి చింతపండు, ఉప్పు పట్టించి రుద్దండి, దేవుడి గిన్నెలు తోముకున్నట్లే. కడిగి, తుడిచి, వెంటనే పలుచగా లక్కర్ (పారదర్శకమైన మెరుగు) పూత వేయకపోతే రెండు రోజుల్లో మళ్లీ మసకబారతాయి. స్పూన్ మెరుపే దాని బలం. రెండు వైపులా రంగు వేసి ఆ మెరుపును కప్పేయకండి, ఒక వైపు ఒక చార చాలు.

ప్లాస్టిక్ ల్యూరుకు థిన్నర్ తగలనివ్వకండి. చాలావరకు ఇవి ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి, థిన్నర్‌లో కరుగుతాయి. మూతి కింద పొడుచుకొచ్చిన పారదర్శకమైన పలక సాధారణంగా పాలీకార్బొనేట్. దానికి థిన్నర్ గాని, రంగు ఊడదీసే జెల్ గాని తగిలితే సన్నని వెంట్రుక పగుళ్లు వచ్చి తర్వాత ముక్కగా విరుగుతుంది. ఆ పలకే ల్యూరును ఎంత లోతుకు తీసుకెళ్లాలో నిర్ణయిస్తుంది, అది పోతే ల్యూరే పోయినట్లు. కాబట్టి పని మొదలుపెట్టకముందే పలకకు రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, బ్లేడుతో అంచు వెంట కోయండి. జిడ్డు పోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో తుడవండి. తర్వాత 400 నంబరు వాటర్ పేపర్ (నీళ్లతో రుద్దే గరుకు కాగితం)‌ను నీళ్లలో ముంచి ఒంటి వంపు వెంట మెల్లగా రుద్దండి, 600తో ముగించండి. తీసిన చోటికి, ఉన్న రంగుకు మధ్య మెట్టు వేలికి తగలకూడదు. కళ్లు మూసుకుని వేలితో తడిమి చూడండి, కంటికి దొరకని మెట్టు వేలికి దొరుకుతుంది. ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రి డెంటు తీసిన ప్రతి తలుపునూ అలాగే చూసేవారు.

చెక్క ల్యూరుకు నీళ్లు పనికిరావు. పైపూత పోయిన చోట బాల్సా చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది. నీళ్లకు బదులు తార్పిన్‌తో వాటర్ పేపర్ తడిపి రుద్దండి. దుమ్మూ లేవదు, చెక్కా తాగదు. కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకోండి. బాల్సా చాలా మెత్తన. గోరు గట్టిగా నొక్కితే గుంట పడుతుంది. బ్లేడుతో పెచ్చు లేపేటప్పుడు బ్లేడును దాదాపు పడుకోబెట్టి, తల నుంచి తోక వైపే నడపండి.

చెక్కలో చేప పళ్లు దిగిన గుంటలు, పగుళ్లు ఉంటే పూడ్చాలి. ఈ విషయంలో నాకు కొండపల్లి నుంచి ఒక ఆలోచన వచ్చింది. అక్కడ బొమ్మలను బరువు లేని తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. ముక్కలను అతికేందుకు, ఎత్తుపల్లాలు సరిచేసేందుకు చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. అల్మారాలో ఉండే బొమ్మకు ఆ మక్కు ఏళ్ల తరబడి నిలుస్తుంది, కానీ నీళ్లలో చింతగింజల జిగురు మెత్తబడుతుంది. అందుకని పొట్టును అలాగే ఉంచి జిగురు మార్చాను. సన్నని జల్లెడ పట్టిన రంపపు పొట్టులో అరాల్డైట్ కలిపి, వేప పుల్లతో గుంటలో నొక్కితే చెక్కకంటే గట్టిగా నిలుస్తుంది. ఎమ్-సీల్ కూడా గట్టిదే, కానీ బరువు. ఒక పక్క గుంటలో ఎమ్-సీల్ నింపితే ల్యూరు ఆ పక్కకు ఒరుగుతుంది. పూడ్చాక ఒక రోజు ఆగి రుద్దండి. ఆ తర్వాత ఒళ్లంతా చెక్క రంధ్రాలను మూసే ఎన్.సి. శాండింగ్ సీలర్ రెండు పలుచని పూతలు వేయండి. ముళ్లు తగిలించే కొండీలు చెక్కలోకి దిగే చోట రెండు చుక్కలు అదనంగా పడాలి, నీళ్లు దూరేది అక్కడే.

రంగు విషయానికి వద్దాం. లారీ మీద రంగు పైకి పైకి ఎక్కుతూ పోతుంది. ల్యూరు మీద ప్రతి పొరా తప్పుకు దగ్గర చేస్తుంది. తెల్ల ప్రైమర్ ఒక్క పూత, పలుచగా. దాని మీద నీళ్లతో కలిపే యాక్రిలిక్ రంగులు. ఎయిర్‌బ్రష్ ఉంటే మంచిది, లేకపోతే మెత్తటి స్పాంజి ముక్కతో తాటించినా చిన్న ల్యూరు మీద చక్కగా వస్తుంది. పాత ఇనామెల్ (నూనె) రంగు మీద ఎన్.సి. రంగు కొట్టకండి. ఎన్.సి.లోని థిన్నర్ కింది పొరను కొరికి, పాల మీగడలా ముడతలు లేపుతుంది. ఏ రంగు దేనిమీద నిలుస్తుందో తెలియనప్పుడు కడుపు కింద గోరంత చోట వేసి, ఒక గంట ఆగి చూడండి.

ఏ చేపను గీయాలి? డబ్బాల మీద కనిపించే రంగులన్నీ చల్లటి దేశాల సరస్సుల చేపలవి. కృష్ణలో వాలుగ తినేది, కాలువలో కొర్రమీను వెంటపడేది పరిగెలనే చిన్న చేపలను. చేదుపరిగెను ఒకసారి చేతిలో పట్టుకుని చూడండి. వీపు మీద ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగు, పక్కలు వెండి, కడుపు తెలుపు. తోక మొదట్లో ఒక గుండ్రని నల్ల చుక్క, వీపు రెక్క అడుగున ఇంకొకటి. నేను 31లో 9 ల్యూర్లను పరిగెలుగా మార్చాను. నీళ్లు తేటగా ఉన్న శీతాకాలంలో ఇదే వేస్తాను. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎగువ నుంచి వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు మట్టిరంగుకు తిరిగినప్పుడు మాత్రం సన్నని పొలుసులు చేపకు కనిపించవు. అప్పుడు నల్ల వీపు, నిమ్మపండు పసుపు పక్కలు, నారింజ కడుపు. ముతక రంగులే, అయినా ఆకారం తెలుస్తుంది.

పొలుసులు వేసే పని నాకు అన్నిటికంటే ఇష్టం, దీనికి ఇద్దరు కావాలి. దోమతెర గుడ్డ ముక్క చింపుకోండి. ముందు పక్కలకు వెండి రంగు వేసి పూర్తిగా ఆరనివ్వండి. గుడ్డను ల్యూరు ఒంటి చుట్టూ బిగుతుగా లాగి, కడుపు కింద బట్టల క్లిప్పులతో పట్టేయండి. మా ఇంట్లో క్లిప్పులు పెట్టేది మా అమ్మాయే. ఎక్కడైనా గుడ్డ ఒంటికి అంటకపోతే పొలుసు అంచు మసకబారుతుందని తను నాకంటే ముందే పట్టుకుంటుంది. "నాన్నా, మెడ దగ్గర లేచింది" అంటే మళ్లీ బిగిస్తాం. ఇప్పుడు వీపు రంగును పలుచన చేసి, జానెడు దూరం నుంచి, వీపు మీద గట్టిగా, పక్కల మధ్యకు వచ్చేసరికి పొగలా తేలిపోయేటట్లు కొట్టండి. రంగు నేరుగా పైనుంచి పడాలి, ఏటవాలుగా పడితే దారం పక్కన నీడ వచ్చి పొలుసు వంకరవుతుంది. ఒక నిమిషం ఆగండి. క్లిప్పులు తీసి, గుడ్డను ఒంటి మీద జారనివ్వకుండా నిట్టనిలువుగా పైకి ఎత్తండి. దారాలు కప్పిన చోట వెండి గీతలు, కన్నాల్లో రంగు. వీపు దగ్గర ముదురుగా, పక్కకు వచ్చేకొద్దీ కరిగిపోతూ ఒక్కొక్క పొలుసు విడివిడిగా కనిపిస్తుంది. ఎన్నిసార్లు చేసినా ఆ గుడ్డ ఎత్తే క్షణంలో నేను, మా అమ్మాయి ఇద్దరం ఊపిరి బిగబడతాం.

నల్ల చుక్కకు, కంటికి మేకులు వాడండి. పెద్ద మేకు తలను పసుపు రంగులో ముంచి నిలువుగా ఒకసారి తాకిస్తే కనుగుడ్డు, ఆరాక చిన్న మేకుతో నల్లగా పాప. కుంచెతో గీసిన గుండ్రం కంటే ఇది నికరంగా వస్తుంది. మార్కర్ పెన్నులతో గీతలు గీయకండి. పైపూత తగలగానే చాలా మార్కర్ల సిరా పాకిపోతుంది.

పైపూతకు రెండు భాగాల ఎపాక్సీ, నిదానంగా గట్టిపడే పారదర్శకమైన రకం. కార్లకు కొట్టే టూకే క్లియర్ (గట్టిపరిచే ద్రవం, అంటే హార్డెనర్ కలిపి కొట్టే పారదర్శకమైన పూత) ఇంకా పలుచగా, గట్టిగా వస్తుంది, నిజమే. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి, ఒకసారి ఒంటికి పడకపోతే జీవితాంతం ఉబ్బసం పట్టుకోవచ్చు. నేను దాన్ని షాపులో, తగిన మాస్కుతోనే కొడతాను. ఇంట్లో మీరు దాని జోలికి వెళ్లవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

ఎపాక్సీ కొలత కంటితో వద్దు. మందుల షాపులో రెండు సిరంజీలు కొని, ఒకటి రెజిన్‌కు, ఇంకొకటి హార్డెనర్‌కు కేటాయించండి. డబ్బా మీద చెప్పిన నిష్పత్తి ఎంతో అంతే. తప్పితే ఎన్ని రోజులైనా జిగటగానే ఉంటుంది. నురుగు రాకుండా రెండు నిమిషాలు మెల్లగా కలిపి, వెంటనే కప్పులోంచి పళ్లెంలో పెట్టిన అల్యూమినియం రేకు మీద పోసి పరచండి. కప్పులో ముద్దగా ఉంటే తన వేడికి తానే త్వరగా బిగుస్తుంది. మన ఊరి వేడిలో ఇది ఇంకా తొందర. మెత్తటి కుంచెతో పలుచగా రాసి, వేలాడిన చుక్కను కుంచె కొసతో తీసేయండి. దారం కట్టే కన్నంలో ఎపాక్సీ నిండకుండా ముందే గుండుసూదితో చూసుకోండి. చెక్క ల్యూరుకు ఒక్క పూత, ప్లాస్టిక్‌కు అదీ సగమే. రాశాక తూచండి. ముళ్లు, రింగులు లేకుండా మొదట రాసుకున్న బరువుకు 0.3 గ్రాములు మించితే ఇంకా తడిగా ఉండగానే కుంచెతో లాగేయండి.

ఆరేదాకా అది తిరుగుతూ ఉండాలి, లేకపోతే కడుపు కిందకు జారి గడ్డకడుతుంది. మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్లెం తిప్పే చిన్న మోటారు నిమిషానికి 5, 6 చుట్లు తిరుగుతుంది, దీనికి సరిగ్గా సరిపోతుంది. ఇంటి కరెంటు మీద నడిచేది కాబట్టి తీగల చివర్లు బయటికి కనబడకుండా ఎలక్ట్రీషియన్ చేత కట్టించండి. మోటారు లేకపోతే మొదటి రెండు గంటలు పది నిమిషాలకోసారి చేత్తో తిప్పినా పని అవుతుంది. వానాకాలంలో ముసురు పట్టినప్పుడు ఈ పని పెట్టుకోకండి. గాలిలో చెమ్మ ఎక్కువైతే ఎపాక్సీ మీద జిడ్డు పొర తేలుతుంది, ఎన్.సి. లక్కర్ తెల్లబారుతుంది. నాకు డిసెంబరు, జనవరి నెలల్లో పొగమంచు విడిచాక పొద్దున 10 నుంచి మధ్యాహ్నం దాకా బాగా కుదురుతుంది. చేతికి అంటకపోయినా పూర్తిగా గట్టిపడటానికి కొన్ని రోజులు వదిలేయండి. నేను వారం ఆగుతాను.

వారం తర్వాత టేపు తీసి, కొత్త రింగులు, అదే సైజు ముళ్లు తగిలించండి. ముందు ఇంటి తొట్టిలో వేసి చూడండి. నిలకడగా తేలినప్పుడు వీపు నేరుగా పైకి ఉండాలి. ఒక పక్కకు ఒరిగితే ఆ పక్క పూత మందంగా ఉన్నట్లే, 600 పేపర్‌తో అక్కడ రుద్దండి. తర్వాత కాలువ గట్టు. దారం కట్టి, గట్టు వెంట నడుస్తూ నీళ్లలో లాగండి. నేరుగా మీ వైపు వస్తూ ఊగాలి. ఒక పక్కకు లాగేస్తుంటే మూతి దగ్గర దారం కట్టే కొండీని ముక్కుపట్టకారతో, లాగే పక్కకు వ్యతిరేకంగా వెంట్రుకవాసి వంచండి. మళ్లీ లాగి చూడండి. మామయ్య పెట్టెలో పసుపు పచ్చగా ఉన్న 11 సెంటీమీటర్ల చెక్క ల్యూరును పరిగెగా మార్చినప్పుడు అది ఎడమకు ఈడ్చింది. కొండీని కుడికి కాస్త, మళ్లీ కాస్త, మూడోసారి ఇంకాస్త వంచాను. నాలుగోసారి లాగినప్పుడు నల్ల చుక్క ఉన్న తోకను అటూ ఇటూ కొట్టుకుంటూ నా కాళ్ల దగ్గరికి తిన్నగా వచ్చింది. అక్కడే ఫోనులో తీసిన వీడియోను, చూపు సరిగా ఆనదు కాబట్టి, మామయ్య కళ్లకు దగ్గరగా పెట్టి మూడుసార్లు చూపించాను.